లైబ్రరీ కంప్యూటర్‌కు వైఫై కార్డు

నవంబర్ 4, 2025, మంగళవారం

లైబ్రేరియన్ మేడమ్ గారు సాయంత్రం కబురు చేస్తే వెళ్ళి చూశాను. మొంథా తుపాను గాలికి, వరండా రేకుల కింద నుంచి వెనక గదికి లాగిన నెట్ కేబుల్ తెగిపడింది. రేకు అంచుకు ఒరుసుకుని పైతొడుగు ఎప్పుడో పోయినట్టుంది. లోపలి ఎనిమిది తీగల్లోకీ నీరు దిగి రాగి పచ్చబడింది. అతుకు వేస్తే ఇవాళ్టికి నడుస్తుంది, నెల తిరక్కుండా మళ్ళీ పోతుంది. ఎక్స్ఛేంజీలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ తడిసిన అతుకులతోనే కుస్తీ పట్టాను, ఇంక ఆ పని వద్దు. కొత్తది లాగాలంటే రేకులు విప్పాలి, పైగా కోతులు. ఈ ఊళ్ళో బయట వేలాడే తీగ దేన్నీ అవి ఉండనివ్వవు.

రౌటర్ ముందు గదిలో మేడమ్ గారి టేబుల్ పక్కన ఉంది. కంప్యూటర్ వెనక గదిలో, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు కూర్చునే చోట. 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు. ఆలోగా నెట్ రావాలని ఆవిడ పట్టుదల. నోటిఫికేషన్లు, హాల్‌టికెట్లు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ వాళ్ళు ఇక్కడే చూసుకుంటారు. ఫోన్లు లేక కాదు. అప్లికేషన్ ఫోన్లో నింపబోతే ఫొటో సైజు, సంతకం సైజు కుదరక చివరికి నెట్ సెంటర్‌కే పోవాలి, అక్కడ ఒక్కో ఫారానికీ డబ్బులు పోయాలి.

"ఈ డొక్కు పాతసామాన్ల వాడికి వేసేసి కొత్తది కావాలని రాద్దామా సార్?" అన్నారు ఆవిడ.

వద్దన్నాను. ఎవరో ఆఫీసు మూసేస్తూ ఇచ్చిపోయిన మిషన్ అది. కోర్ టూ డ్యుయో, 2 జీబీ ర్యామ్, 2009 నాటిది. స్విచ్ వేస్తే లేస్తుంది, తెర బాగుంది, హార్డ్ డిస్క్ చప్పుడు లేకుండా తిరుగుతోంది. ఆ రోజుల్లో చాలా డెస్క్‌టాప్ బోర్డుల మీద వైఫై ఉండేది కాదు, కేబుల్ గుచ్చే సాకెట్ ఒక్కటే ఇచ్చేవారు. ఒక్క కార్డు తగిలిస్తే సరిపోయేదానికి మొత్తం మిషన్‌ను తూకానికి వేయడం నాకు మనసొప్పలేదు.

నవంబర్ 7, శుక్రవారం

లైబ్రరీకి శుక్రవారం సెలవు. తాళం చెవి ఇప్పించుకుని పొద్దున్నే వెళ్ళాను. గ్రూప్-2కు చదివే కుర్రాడు ఒకడు తోడు వచ్చాడు. ముందు ప్లగ్ పీకించి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోమన్నాను. "కరెంటే లేదు కదంకుల్, నొక్కితే ఏమొస్తుంది?" అన్నాడు. సప్లైలోని కెపాసిటర్లలో కొంత మిగిలి ఉంటుంది, అది దిగిపోవాలని చెప్పాను. లోపల చెయ్యి పెట్టే ముందు డబ్బా ఇనుమును ఒకసారి తాకమన్నాను. ఒంట్లో ఉండే స్థిరవిద్యుత్తు మనకు తెలియను కూడా తెలియదు, చిప్‌ను మాత్రం చంపగలదు.

పక్క రేకు తీస్తే ప్రాసెసర్ ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము దూది పరుపులా పేరుకుని ఉంది. పెయింటు బ్రష్షుతో దులిపి, చేతి పంపుతో గాలి కొట్టి, ర్యామ్ కడ్డీ పీకి దాని ఇత్తడి రంగు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్దాం. రబ్బరు నల్లబడింది, పళ్ళు మెరిశాయి.

ఈ పూట అసలు పని స్లాట్లు చూడటం. కార్డు కొనేముందు ఎవరైనా చేయవలసింది ఇదే. ఈ బోర్డు మీద తెల్లవి పొడుగువి రెండు ఉన్నాయి, అవి పాత పీసీఐ. ఇంటెల్ 1992లో తెచ్చిన పద్ధతి. సెకనుకు 133 మెగాబైట్ల దారి, దాన్నే కార్డులన్నీ పంచుకోవాలి. వాటి పక్కన చిటికెన వేలంత నల్లది ఒకటి ఉంది. అది పీసీఐ ఎక్స్‌ప్రెస్, 2003లో వచ్చింది. అందులో ఏ కార్డు దారి దానిదే. పొట్టి స్లాట్‌కు కూడా పోనూ రానూ చెరో 250 మెగాబైట్లు. మా లైబ్రరీ నెట్‌కు అందులో పదోవంతు కూడా అక్కర్లేదు. పొట్టి స్లాట్ ఖాళీగా కనబడగానే నా మనసు కుదుటపడింది. పాత పీసీఐ కార్డయితే సెకండ్ హ్యాండ్ కొట్లన్నీ తిరగాలి. దొరికినా 2003, 2004 నాటి సరుకై ఉండొచ్చు. వాటిలో డబ్ల్యూఈపీ అనే పాత తాళం ఒక్కటే తెలిసినవి ఉన్నాయి. ఇప్పటి రౌటర్లు అడిగేది 2004 నుంచి వచ్చిన డబ్ల్యూపీఏ2. ఆ కార్డు తగిలిస్తే రౌటర్ కనబడుతుంది కానీ లోపలికి రానివ్వదు.

బోర్డు మీది బిళ్ళ బ్యాటరీని మీటరు పెట్టి చూస్తే 3 వోల్టులు ఉండాల్సింది 2 కూడా లేదు. రోజూ పొద్దున మిషన్ ఆగిపోయి ఎఫ్1 నొక్కమని అడగటానికి, తేదీ 2009కి పోవటానికి కారణం అదే. తేదీ తప్పితే నెట్ వచ్చినా బ్రౌజర్ సైట్లను నమ్మదు. సైటు చూపించే సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదంటుంది. బ్యాటరీ మార్చాలి. సీఆర్2032, వీధి చివర వాచీల కొట్టులో దొరుకుతుంది.

లోపల ఉన్నది విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ మరమ్మతులు 2020 జనవరి 14న ఆగాయి. 2023 నుంచి కొత్త క్రోమ్ దానిమీదికి ఎక్కదు. పదిమంది పిల్లలు పాస్‌వర్డ్‌లు కొట్టే మిషన్‌ను ఆ స్థితిలో నెట్‌కు కలపకూడదు. అందుకని ఇంట్లో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్న డెబియన్ 13 వేశాను. ఈ ఆగస్టులోనే వచ్చింది. 32 బిట్ మిషన్లకు అందులో చోటు తీసేశారు గానీ కోర్ టూ డ్యుయో 64 బిట్‌దే కాబట్టి సమస్య లేదు. తెలుగు ఫాంట్లు కూడా దాని పొదిలోనే దొరుకుతాయి. మండలి, గిడుగు, గురజాడ పేర్లు ఆ జాబితాలో చూస్తే మా కుర్రాడి ముఖం వెలిగింది.

నవంబర్ 8, శనివారం, సికింద్రాబాద్

చెల్లెల్ని చూడటానికి వచ్చాను. మధ్యాహ్నం ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళాను. అందరూ సీటీసీ అంటారు. ఇరుకు వరండాలు, మెట్ల పక్కన కూడా కౌంటర్లు, ఎక్కడ చూసినా మదర్‌బోర్డుల దొంతరలు. ఒకచోట కొత్త కార్డులు చూపించారు. పెట్టె మీద వేగం పెద్ద అంకెల్లో వేశారు. చిప్ ఏదని అడిగితే, "కంపెనీ మంచిది సార్, ఏ కంప్యూటర్‌కైనా పనిచేస్తుంది" అన్నారు. మళ్ళీ అడిగితే అదే మాట.

పెట్టె మీది పేరు చూసి వైఫై కార్డు కొనడం దండగ. కంపెనీ పేరు, మోడల్ నంబరు ఒక్కటే ఉంటాయి, లోపలి చిప్ మాత్రం మారిపోతుంది. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ సంగతి లైనక్స్ వాడేవాళ్ళందరికీ తెలిసిందే. మొదటి వెర్షన్లో ఏథెరోస్ ఏఆర్9271 చిప్ ఉండేది. గుచ్చగానే పనిచేసేది. వెర్షన్ 2 నుంచి రియల్‌టెక్ చిప్ పెట్టారు. పేరు అదే, ఆకారం అదే. మొదటిదాని గురించి విని రెండోది కొన్నవాళ్ళు డ్రైవర్ కోసం రాత్రిళ్ళు కూర్చున్నారు. తేడా తెలిసేది అడుగున అంటించిన కాగితం మీద సన్న అక్షరాల్లో ఉండే వెర్షన్ అంకెతోనే. చిప్ మారిస్తే పేరు మార్చాలనే నియమం ఉండాలని నా అభిప్రాయం. మందుల సీసాలో మందు మార్చి పాత పేరుతో అమ్మితే ఊరుకుంటామా?

చివరికి పాత సామాను అమ్మే కౌంటర్‌లో అట్టపెట్టె నిండా విడి కార్డులు కనిపించాయి. కౌంటర్ మీద ఉన్న కుర్రవాడు మంచివాడు, ఎంతసేపు వెతుక్కున్నా ఏమనలేదు. కొన్నిటికి చిప్ మీద రేకు మూత ఉంది, చదవలేం. మూత లేనివి దీపం కిందికి తెచ్చి, భూతద్దం పెట్టి చూస్తూ పోయాను. ఒకదాని మీద ఏఆర్9485 అని కనబడింది. పొట్టి పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు, ఒకే యాంటెన్నా, వెనక బిగించే రేకు పూర్తి పొడుగుదే. సన్న డబ్బాలకని పొట్టి రేకు వేసినవి కూడా ఉంటాయి, అవి మన డబ్బాకు బిగవు. 350 రూపాయలన్నాడు. బేరం ఆడకుండా ఇచ్చాను. పక్కనే 2 జీబీ డీడీఆర్2 ర్యామ్ కడ్డీ ఒకటి 300కు తీసుకున్నాను.

ఏథెరోస్ కోసమే ఇంతగా వెతకటానికి కారణం ఉంది. లైనక్స్‌లో వైఫై అంటే 2008కి ముందు గొప్ప తలనొప్పి. తయారీదారులు చిప్ లోపలి గుట్టు చెప్పేవారు కాదు. విండోస్ డ్రైవర్‌ను తెచ్చి ఎన్‌డిస్‌వ్రాపర్ అనే తొడుగులో పెట్టి నడుపుకునేవాళ్ళం. ఆ ఏడాది ఏథెరోస్ వాళ్ళే ఏటీహెచ్9కే అనే డ్రైవర్‌ను మొత్తం రాతతో సహా బయటపెట్టారు. ఈ కార్డుల్లోకి విడిగా ఫర్మ్‌వేర్ ఎక్కించాల్సిన పని కూడా లేదు. 2011లో ఆ కంపెనీని క్వాల్‌కామ్ కొనేసింది. పాత చిప్‌ల మీద డబ్బు వచ్చే ఆశ ఇప్పుడు ఎవరికీ లేదు. అయినా ఆ రాత కెర్నల్‌లో ఉంది కాబట్టి, ఎక్కడెక్కడి వాళ్ళో దాన్ని సరిచేస్తూనే ఉన్నారు. మా ఊరి లైబ్రరీలో నెట్ రాబోయేది వాళ్ళ చలవే.

నవంబర్ 11, మంగళవారం

కార్డు బిగించాం. వెనక రేకు బిళ్ళ ఒకటి తీసి, కార్డును స్లాట్ మీద నిలువుగా ఆనించి రెండు బొటనవేళ్ళతో సమంగా నొక్కాలి. ఒక పక్క ముందు దిగి రెండో పక్క ఎత్తుగా ఉంటే పళ్ళు సగమే తగులుతాయి. కుర్రాడి చేతే నొక్కించాను. కిందికి దిగినప్పుడు వేళ్ళకు తెలుస్తుంది, మాటల్లో చెప్పలేం. స్క్రూ బిగించి, యాంటెన్నాను చేత్తోనే తిప్పి ఆపాం. దానికి పటకారు వాడకూడదు, లోపలి సన్న పిన్ను తిరిగి విరుగుతుంది.

మిషన్ లేచాక ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కొడితే వరుసలో కార్డు కనిపించింది. దాని పక్కన 168సీ:0032. మొదటి నాలుగూ ఏథెరోస్ గుర్తు, తర్వాతి నాలుగూ ఆ చిప్‌వి. పెట్టె మీద ఏం రాసుకున్నా మిషన్ చెప్పే ఈ ఎనిమిది అక్షరాలే నిజం. డ్రైవర్ దానంతటదే లోడయింది. కుర్రాడు నోట్‌బుక్ తీసి ఆ అంకెలు రాసుకున్నాడు.

అయితే లైబ్రరీ రౌటర్ పేరు జాబితాలో లేదు. ఎదురింటి వాళ్ళది, పక్క మెడికల్ షాపుది కనిపిస్తున్నాయి. ఫోన్లో చూస్తే మనది నిండు గీతలతో ఉంది. చీకటి పడింది, రేపు చూడాలి.

నవంబర్ 12, బుధవారం

కారణం దొరికింది. ఐడబ్ల్యూ అనే చిన్న పనిముట్టు కావలసి వచ్చింది. నెట్ లేని మిషన్లోకి నెట్ సామాను ఎలా తేవాలన్న చిక్కు ఇక్కడ అందరికీ వస్తుంది. దానికి సులువైన ఉపాయం, ఫోన్‌ను ఛార్జింగ్ తీగతో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్లో యూఎస్‌బీ టెథరింగ్ వేయడం. కంప్యూటర్ ఫోన్‌ను కేబుల్ నెట్ అనుకుంటుంది, డ్రైవర్లతో పని లేదు. అలా ఐడబ్ల్యూ దించుకుని కార్డు ఏయే చానళ్ళు వినగలదో అడిగాను. 1 నుంచి 11 వరకు బాగానే చూపించింది. 2467 మెగాహెర్ట్జ్, చానల్ 12, పనిచేయదు. 2472, చానల్ 13, పనిచేయదు.

రౌటర్ పేజీ తెరిచి చూస్తే అది కూర్చున్నది సరిగ్గా 13 మీద.

అమెరికాలో వైఫైకి వాడేది 11 వరకే, మన దేశంలో 13 వరకూ వాడుకోవచ్చు. ఈ కార్డు అక్కడి అమ్మకానికి తయారైంది. ఆ హద్దును దాని జ్ఞాపకంలోనే రాసేశారు, మనం ఇక్కడ దేశం పేరు మార్చినా ఆ హద్దు దాటదు. రౌటర్ తనంతట తాను ఖాళీ చూసుకుని 13కు పోయింది. దాన్ని 6కు తెచ్చి అక్కడే నిలబెట్టాను. ఎదురిల్లు 1 మీద, మెడికల్ షాపు 11 మీద ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లోని మొదటి 11 చానళ్ళలో ఒకదాన్నొకటి తొక్కుకోకుండా ఉండేవి 1, 6, 11, ఆ మూడే. నిమిషంలో పేరు కనిపించింది, పాస్‌వర్డ్ కొట్టాం, నెట్ వచ్చింది. మేడమ్ గారు ముందు గది నుంచి "వచ్చిందా సార్?" అని అరిచారు.

రాత్రి పడుకోబోతూ పాత రోజులు గుర్తొచ్చాయి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు లైసెన్సు లేకుండా ఇంట్లో వైర్‌లెస్ సెట్టు పెట్టుకోవడం నేరం. 1933 నాటి చట్టం అది. 2.4 గిగాహెర్ట్జ్ వాడకానికి మన దేశంలో లైసెన్సు తీసేసింది 2005లో. ఆ ఒక్క నిర్ణయం లేకపోతే ఇవాళ ఈ లైబ్రరీలో ఇంత చిన్న యాంటెన్నాకు కూడా ఢిల్లీకి దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది.

నవంబర్ 13, గురువారం

నెట్ వస్తోంది, కానీ ఆగి ఆగి. సిగ్నల్ చూస్తే మైనస్ 76 డీబీఎం. కంప్యూటర్ వెనక భాగం గోడవైపు ఉంది. ఆ గోడ పాతకాలం సున్నపుది, రెండు జానల మందం. గోడకు అటువైపు వరసగా ఇనప బీరువాలు, నిండా పుస్తకాలు. యాంటెన్నా డబ్బాకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది.

మీటరు తీగ ఉన్న అయస్కాంతం పీఠం ఒకటి 250కు తెప్పించి, యాంటెన్నాను దాని మీద పెట్టి తలుపు గుమ్మం పైకి ఎక్కించాం. తీగ ఇంకా పొడుగుంటే మేలనిపిస్తుంది గానీ సన్న తీగలో ఈ పౌనఃపున్యం దగ్గర సిగ్నల్ చాలా కారిపోతుంది, మీటరు చాలు. యాంటెన్నాను నిలువుగా ఉంచాలి, రౌటర్‌దీ అలాగే ఉంది కాబట్టి. పడుకోబెట్టి చూపిస్తే అంకె పడిపోవడం పిల్లలంతా గుమిగూడి చూశారు. గుమ్మం మీద నిలువుగా పెట్టాక మైనస్ 61. తేడా 15 డెసిబెల్స్, అంటే అందుతున్న శక్తి ముప్పై రెట్లకు పైగా పెరిగింది. ఈ డెసిబెల్ టెలిఫోన్ వాళ్ళ కొలతే, గ్రాహంబెల్ పేరు మీద పెట్టింది. టెలిఫోన్ లైన్ల నష్టం లెక్కకట్టడానికి పుట్టిన కొలత రేడియోకూ అంతే బాగా పనికొస్తోంది. పిల్లలకు ఈ లెక్క బోర్డు మీద వేసి చెప్పాను. పదికి పది రెట్లు, మూడుకు రెండు రెట్లు.

నవంబర్ 16, ఆదివారం

వారోత్సవాలు బాగా జరుగుతున్నాయి. వెనక గదిలో మిషన్ ముందు వరస కట్టారు. ఒకమ్మాయి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తాతగారి కాలం నాటి తెలుగు పుస్తకం స్కాన్ తెరిచి, పేజీ పేజీ తిప్పుతూ కూర్చుంది. బ్రౌజర్‌లో రెండు మూడు ట్యాబులు దాటితే కొత్త కడ్డీతో ర్యామ్ 4 జీబీకి పెంచినా మిషన్ బరువెక్కుతుంది. ఆ మాట కాగితం మీద రాసి తెర పక్కన అంటించాం.

ఇది చూసి ఒక టీచర్ గారు ఇంట్లో మూలపడిన లాప్‌టాప్ తెచ్చారు. వైఫై కార్డు పోయింది. నా దగ్గరున్న చిన్న మినీ కార్డు ఒకటి అందులో పెట్టి చూశాను. స్విచ్ వేయగానే నల్ల తెర మీద 1802 అని, అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు ఉందని, ఆపేసి తీసేయమని వచ్చింది. ఇక ముందుకు కదలదు. కార్డు మంచిదే, స్లాట్ మంచిదే. కంపెనీ తన జాబితాలో ఉన్న కార్డులు తప్ప వేరేవి పెడితే మిషన్‌ను లేవనివ్వకుండా బయాస్‌లోనే తాళం వేసింది. రేడియో, యాంటెన్నా కలిపి అనుమతి తీసుకున్నాం కాబట్టి మార్చకూడదని వాళ్ళు చెప్పే కారణం. నాకది సమ్మతం కాదు. డబ్బు పెట్టి కొన్న మనిషికి సొంత మిషన్‌లో ఒక కార్డు మార్చుకునే హక్కుండాలి. ఆ కార్డు తీసేసి, పాత ఏథెరోస్ చిప్ ఉన్న యూఎస్‌బీ ముక్క ఒకటి గుచ్చి ఇచ్చాను. యూఎస్‌బీని బయాస్ అడ్డుకోదు. పక్కకు పొడుచుకొచ్చి ఉంటుంది, సంచిలో పెట్టేప్పుడు తీసి పెట్టుకోమని చెప్పాను.

నవంబర్ 20, గురువారం

వారోత్సవాలు ఇవాళ్టితో అయిపోయాయి. మేడమ్ గారు ఖర్చు లెక్క అడిగితే రాసిచ్చాను. కార్డు 350, ర్యామ్ 300, యాంటెన్నా పీఠం 250, బ్యాటరీ 40. మొత్తం 940 రూపాయలు.

రేపెప్పుడో ఈ డబ్బా విప్పేవాళ్ళకు పనికొస్తుందని ఒక కాగితం రాసి పక్క రేకు లోపలివైపు అంటించాను. కుర్రాడి చేతిరాత బాగుంటుంది, అతనితోనే రాయించాను: "వైఫై చిప్ ఏఆర్9485, డ్రైవర్ ఏటీహెచ్9కే. 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. రౌటర్‌ను 12, 13 చానళ్ళ మీద పెట్టవద్దు. బ్యాటరీ సీఆర్2032, మార్చింది 2025 నవంబర్. కార్డు మార్చాల్సి వస్తే పెట్టె మీది పేరు చూసి కాదు, చిప్ పేరు అడిగి కొనండి. అమ్మేవారు చెప్పలేకపోతే ఆ కొట్లో కొనవద్దు."